7-జిప్‌తో హాష్ వాల్యూ: ఒక ప్లీడరు గుమాస్తా రివ్యూ

రేటింగ్: 4/5

జిప్ ఫైళ్లు విప్పుకోవడానికి 7-జిప్ చాలామంది కంప్యూటర్లలో ఉండేదే. అందులోనే హాష్ వాల్యూ (ఫైల్లో ఉన్నదాన్నిబట్టి లెక్కగట్టే వేలిముద్రలాంటి వరస, ఫైలు ఏ కాస్త మారినా అదీ మారిపోతుంది) తీసే మెనూ కూడా ఉందని మా కోర్టు వాళ్లలో ఎక్కువమందికి తెలీదు. నేను తెనాలిలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. 2024 జులై 1న కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాక, సీసీ కెమెరా ఫుటేజీ గానీ ఫోన్ రికార్డింగు గానీ దాఖలు చెయ్యాలంటే దాని 63(4) సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ రోజుల్లో లేని గడి ఒకటి ఇందులో కొత్తగా చేరింది: హాష్ వాల్యూ ఎంత, ఏ పద్ధతిలో తీశారు అని. ఆ గడి నింపడానికే నేను దీన్ని వాడేది.

వాడకం తేలికే. ఫైలు మీద రైట్ క్లిక్, 'సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ', అందులో 'ఎస్‌హెచ్‌ఏ-256' అనే హాష్ పద్ధతి. విండోస్ 11 వాళ్లు షిఫ్ట్ నొక్కిపట్టి రైట్ క్లిక్ కొడితే పాత మెనూ నేరుగా వస్తుంది. ఫైలు పేరు, సైజు, 64 అక్షరాల వరస కనిపిస్తాయి. దాన్ని కాపీ చేసి అతికించుకోండి. చూసి టైపు చెయ్యకండి, 64లో ఒక్కటి జారినా అవతలి ప్లీడరుకి పండగ.

ఆ వరస ఎలా వస్తుందో అని నోట్‌ప్యాడ్‌లో 'తెనాలి' అని ఒక్క మాట కొట్టి సేవ్ చేసి చూశాను. సైజు 18 బైట్లు. అక్షరానికీ గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు కాబట్టి ఆరు మూళ్లు పద్దెనిమిది. ఎస్‌హెచ్‌ఏ-256 పని చేసేది 64 బైట్ల దిమ్మల మీద. అందుకని మన 18 బైట్ల తర్వాత మొదట ఒక '1' బిట్టు పెట్టి, సున్నాలతో నింపుకుంటూ పోయి, చివరి ఎనిమిది బైట్లలో అసలు సందేశం పొడవు రాస్తుంది: బైటుకి ఎనిమిది చొప్పున 144 బిట్లు. ఇక ఎనిమిది సంఖ్యలు పట్టుకుని మొదలుపెడుతుంది. అవి 2 నుంచి 19 దాకా ఉన్న ప్రధాన సంఖ్యల వర్గమూలాల్లో దశాంశ బిందువు తర్వాతి భాగాలు. ఎవరూ తమకి అనుకూలమైన అంకెలు దూర్చలేదని చూపించుకోవడానికి అలాంటివి ఏరుకున్నారట. వాటిలో మన దిమ్మని కలుపుతూ, బిట్లు తిప్పుతూ, కూడుతూ 64 విడతలు నడుపుతుంది. గంట ఫుటేజీ అయితే ఇదే తంతు ప్రతి దిమ్మకీ, ముందు దిమ్మ ఫలితం తర్వాతి దానికి మొదలుగా. ఆఖరికి మిగిలేది మాత్రం ఎప్పుడూ 256 బిట్లే, అదే ఆ 64 అక్షరాల వరస.

'తెనాలి' పక్కన ఒక చుక్క పెట్టి మళ్లీ తీస్తే పాత వరసకీ కొత్తదానికీ పోలికే లేదు. ఫైలు పేరు మారిస్తే మాత్రం వరస మారదు, ఎందుకంటే పేరు లెక్కలోకి రాదు. ఏమీ లేని ఖాళీ ఫైలుకీ హాష్ ఉంటుంది, 'ఈ3బి0సి442' అని మొదలవుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ సరిగ్గా పడక సున్నా బైట్ల ఫైలు మిగిలితే ఇదే వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

క్లయింట్లకి నేను పదే పదే చెప్పేది వాట్సాప్ సంగతి. వీడియోని మామూలుగా పంపితే అది కుదించి పంపుతుంది, హాష్ మారిపోతుంది. డాక్యుమెంటుగా పంపాలి, లేదా సీసీ కెమెరా రికార్డింగు పెట్టె (డీవీఆర్) నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి దించాలి. దించిన వెంటనే హాష్ తీసేయాలి. అంతకుముందే ఎవరైనా కత్తిరించి ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. అది మన ప్లీడరు గారు క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేల్చుకోవాల్సిన విషయం.

సర్టిఫికెట్ నమూనాలో ఎస్‌హెచ్‌ఏ1, ఎండీ5 అనే పాత హాష్ పద్ధతులు కూడా ఉన్నాయి. ఉన్నాయి కదా అని వాటిని టిక్ పెట్టొద్దు. ఎండీ5 పని 2004లోనే అయిపోయింది. 2017లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు, గూగుల్ వాళ్లు కలిసి ఒకే ఎస్‌హెచ్‌ఏ1 వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు చేసి చూపించారు. ఎస్‌హెచ్‌ఏ-256కి అలాంటి జంటని ఇంతవరకు ఎవరూ చూపలేదు.

ఒక స్టార్ ఎందుకు తీశానంటే, ఫోల్డరు మొత్తం ఎంచుకుంటే ఒక్కో ఫైలుకి విడివిడిగా చూపకుండా అన్నీ కలిపిన వరస ఇస్తుంది. అది దాని సొంత లెక్క, వేరే టూల్‌తో సరిచూస్తే కలవదు. అలాంటప్పుడు అదే మెనూలో డాట్ ఎస్‌హెచ్‌ఏ256 ఫైలు తయారుచేసే ఎంపిక నొక్కండి, ఫైలుకో లైను చొప్పున రాసిస్తుంది. ఈ తేడా ఎక్కడా చెప్పకపోవడం నాకు నచ్చలేదు.

డబ్బులు కట్టక్కర్లేదు. విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్, పవర్‌షెల్‌తోనూ ఇదే వరస వస్తుంది, కాకపోతే కమాండు కొట్టాలి. పవర్‌షెల్ పెద్ద అక్షరాల్లో ఇస్తుంది, సర్ట్‌యుటిల్ చిన్న అక్షరాల్లో. విలువ ఒకటే, ఎవరన్నా అభ్యంతరం పెడితే కంగారు పడకండి. దించుకునేటప్పుడు మాత్రం మధ్యలో అడ్డగీత ఉన్న 7-జిప్ డాట్ ఆర్గ్ సైటు నుంచే దించుకోండి.