ఆక్సిజన్ సెన్సర్ గొడవ తేల్చిన ఈఎల్ఎమ్ 327 బ్లూటూత్ స్కానర్

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లనూ సెన్సర్ల రీడింగ్‌లనూ ఫోన్‌లో చూపించే చిన్న డబ్బా ఇది. వారంటీ దాటిన పెట్రోల్ కారు ఉన్న ఇంట్లో ఇది ఒకటి ఉండి తీరాలని నా అభిప్రాయం. ఆన్‌లైన్‌లో ఆరేడు వందల రూపాయలకు దొరుకుతుంది. నాకైతే ఒక్క రిపేరులోనే పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు మిగిలింది.

మాది 2015 మోడల్ పెట్రోల్ కారు, గుంటూరులో తిరిగే బండి. మైలేజీ పడిపోయింది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో కోడ్ చూసి, ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టేది) పోయింది, మార్చాల్సిందే అని వేలల్లో ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. బోనెట్ కూడా ఎత్తలేదు. ఏ పరీక్షా చేయకుండా పార్టు మార్చమనడం నాకు నచ్చలేదు. బండి వెనక్కి తెచ్చుకుని ఈ స్కానర్ తెప్పించాను.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చి, ఫోన్‌లో బ్లూటూత్ కలిపి (పిన్ 1234) టార్క్ యాప్ తెరిస్తే చాలు. వచ్చిన కోడ్ పీ0135. అంటే ఇంజిన్ వైపున్న మొదటి సెన్సర్‌కి సంబంధించిన హీటర్ సర్క్యూట్‌లో లోపం. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు కదా. ఫ్యూజు, వైరు, వైర్లను కలిపే కప్లర్ అన్నీ అందులో భాగమే. కోడ్ అంతవరకే చెబుతుంది.

ఈ స్కానర్ అసలు విలువ లైవ్ గ్రాఫ్‌లో ఉంది. ఈ రకం సెన్సర్ సుమారు 300 డిగ్రీల వేడెక్కితే గానీ సరిగ్గా పని చేయదు. త్వరగా వేడెక్కడానికే లోపల హీటర్ పెడతారు. వేడెక్కాక పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా, గాలి ఎక్కువైతే 0.1 దాకా చూపిస్తుంది. దాన్ని చూసి ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, పెట్రోల్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి గీత ఆగకుండా పైకీ కిందకీ ఊగాలి. మా బండిలో పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే గీత చాలాసేపు కదల్లేదు. సైలెన్సర్ బాగా వేడెక్కాక, రేస్ కాస్త పెంచి పట్టుకుంటే చక్కగా ఊగడం మొదలుపెట్టింది. అంటే సెన్సర్ బతికే ఉంది, దానికి వేడి మాత్రం అందడం లేదు.

ఆపైన స్కానర్ చేసేదేమీ లేదు, మల్టీమీటర్ కావాలి. మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఇంజిన్ చల్లారాక కప్లర్ ఊడదీశాడు. సెన్సర్ వైపు నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండు, మా బండిలో తెల్లవి, హీటర్‌వి. వాటి మధ్య 7 ఓమ్‌లు చూపించింది; హీటర్ కాలిపోయి ఉంటే రీడింగే వచ్చేది కాదు. బండి వైపు కప్లర్‌లో చూస్తే ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నా 12 వోల్టులు రావడం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. "సెన్సర్‌కేం కాలేదు సార్, ఇటు చూడండి" అంటూ వైర్ల మీది నల్లటి ముడతల గొట్టం చీల్చి చూపించాడు. ఎలుక కొరికిన చోట రాగి పచ్చగా చిలుము పట్టి తెగిపోయి ఉంది. పాడైన ముక్క కోసేసి, కొత్త వైరు సాల్డరింగ్ పెట్టి, స్లీవ్ వేశాడు. కోడ్ చెరిపేశాం. లైట్ మళ్లీ రాలేదు, మైలేజీ మామూలుకొచ్చింది.

మా బావగారి బండిలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. కోడ్ పీ0133, అంటే అదే మొదటి సెన్సర్ నెమ్మదిగా స్పందిస్తోందని. గ్రాఫ్ ఇంజిన్ వేడెక్కాక కూడా బద్ధకంగా కదిలింది. సైలెన్సర్ జాయింట్ల దగ్గర లీకు లేదని చూసుకున్నాకే సెన్సర్ మార్పించాం, ఎందుకంటే అక్కడ బయటి గాలి దూరినా రీడింగ్ తప్పుతుంది. మార్పించేవాళ్లు ఒకటి గమనించండి: ఎగ్జాస్ట్ దగ్గర మామూలు సిలికాన్ సీలెంట్ వాడనివ్వొద్దు, దాని ఆవిరి కొత్త సెన్సర్‌నే పాడు చేస్తుంది.

ఇక లోపాలు. చవకగా దొరికేవన్నీ కెనడా కంపెనీ ఈఎల్ఎమ్ ఎలక్ట్రానిక్స్ చిప్‌కి నకళ్లే. చాలావాటి మీద వెర్షన్ 1.5 అని ఉంటుంది, అసలు కంపెనీ ఆ వెర్షన్ విడుదలే చేయలేదు. నాది అప్పుడప్పుడూ కనెక్షన్ తెగిపోతుంది, గ్రాఫ్ కాస్త ఆలస్యంగా కదులుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లకు ఈ మామూలు బ్లూటూత్ రకం పనికిరాదు, వైఫై లేదా బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్) రకం చూసుకోవాలి. సాకెట్‌లోనే వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది, పని కాగానే తీసేయండి. కొన్ని కొత్త కార్లలో ముందు సెన్సర్ ఎయిర్ ఫ్యూయెల్ రకం, దాని గ్రాఫ్ ఇలా 0.1 నుంచి 0.9 మధ్య ఊగదు. అది చూసి చెడిపోయిందని కంగారు పడొద్దు.

యాప్‌లో కోడ్ చెరిపే బటన్ చేతికి అందుబాటులోనే ఉంటుంది. దాన్ని నొక్కే ముందు కోడ్‌నీ ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాల్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉందో, ఎంత స్పీడులో ఉందో అందులోనే ఉంటుంది, చెరిపేస్తే అదీ పోతుంది.