విత్తగానే కొట్టే మందా, మొలిచాక కొట్టే మందా, గుంటకా? కలుపు విషయంలో ఏది మేలు?

ప్రతి సీజన్ మొదట్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. విత్తిన వెంటనే కలుపు మందు కొట్టాలా, లేక ఏ కలుపు మొలిచిందో చూసుకుని అప్పుడు కొట్టాలా? ఈమధ్య దీనికి ఇంకోటి తోడైంది: అసలు మందే లేకుండా గుంటకతోనో (సాళ్ల మధ్య మట్టిని పైపైన గీకి కలుపు తీసే పనిముట్టు) పవర్ వీడర్‌తోనో గట్టెక్కలేమా అని. ఈసారి మొక్కజొన్నలో నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. కిందటేడు పూర్తిగా మొలిచాక కొట్టే మందు మీదే ఆధారపడ్డాను. ఈ ఏడు విత్తిన మర్నాడే మందు కొట్టి, 20వ రోజు దాటాక గుంటక తోలాను. ఎందుకు మారానో చెబుతాను.

విత్తగానే కొట్టే మందు మట్టి పై పొరలో పలచగా పరుచుకుని ఉంటుంది. చిన్న గింజల కలుపు చాలావరకు పైన రెండు మూడు సెంటీమీటర్ల లోతులోంచే మొలుస్తుంది కాబట్టి, మొలక ఆ పొర దాటేలోపే చచ్చిపోతుంది. పంట గింజ అంతకంటే లోతులో పడుతుంది. పెండిమిథాలిన్ లాంటి మందు నుంచి పంట తప్పించుకునేది చాలావరకు ఈ లోతు తేడా వల్లే. పైపైన విత్తిన చోట పంట మొలక కూడా దెబ్బ తింటుంది.

దీని బలమంతా పంట తొలి రోజుల్లో ఉంది. ఏడాది లోపే చేతికొచ్చే పంటల్లో చాలావాటికి, పంటకాలంలో మొదటి మూడో వంతు గడిచేదాకా పొలం శుభ్రంగా ఉంటే దిగుబడికి పెద్దగా ఢోకా ఉండదు. పంటతో పాటే మొలిచిన కలుపు చేసే నష్టం, నెల తర్వాత మొలిచిన కలుపు చేయలేదు. అప్పటికి పంట ఆకు సాళ్ల మధ్య నీడ కప్పేస్తుంది.

ఈ మందుకు బలహీనత పదును. మట్టిలో తడి లేకపోతే మందు పనిచేయదు. "ముందు కొట్టే మందు ఫెయిలైంది" అన్నవాళ్ల పొలాలకు వెళ్లినప్పుడల్లా నాకు కనిపించింది ఇదే. ఆరిన మట్టి, పెద్ద పెద్ద గడ్డలు, లేదా నేల కనపడనంత చెత్త. గడ్డ కింద దాగిన గింజకు మందు తగలదు. చెత్త మీద పడిన మందు చెత్త మీదే ఉండిపోతుంది. నేల రకం కూడా చూసుకోవాలి. బరువు నేలలు, సేంద్రియ పదార్థం ఎక్కువున్న నేలలు మందును పట్టేసుకుంటాయి. ఇసుక నేలలో అది కిందికి దిగి పంట వేళ్లను తాకొచ్చు. భూమిలోని దుంపల నుంచి లేచే తుంగ మీద, పాతుకుపోయిన గరిక మీద ఈ మందుల్లో ఎక్కువవాటికి పట్టు లేదు. ఇంకో జాగ్రత్త: మొక్కజొన్నలో వాడే అట్రజిన్ లాంటివి నేలలో కొంతకాలం నిలుస్తాయి. వెనకే పెసర, మినుము లాంటివి వేద్దామనుకుంటే ముందే లేబుల్ చదువుకోండి.

ఇక మొలిచాక కొట్టే మందు. దీని మంచి గుణం ఏంటంటే, ఉన్న కలుపును కళ్లతో చూసి మందు ఎంచుకోవచ్చు. గడ్డిజాతి ఎక్కువైతే ఒకటి, వెడల్పాకు ఎక్కువైతే ఇంకొకటి. పొలంలో ఒక మూలే కలుపు ఉంటే ఆ మూలే కొట్టొచ్చు. వాన రాకపై నమ్మకం లేని చోట, దున్నకుండా మోళ్లలోనే విత్తే చోట ఇదే నయం.

కాగితం మీద ఇది బాగుంటుంది. లేబుల్ మీద రాసిపెట్టి ఉండేది కలుపు రెండు నుంచి నాలుగు ఆకులున్న దశ. పొలంలో జరిగేది వేరు. ఆ వారం గాలి, ఆ తర్వాత ముసురు, ఆ తర్వాత కొట్టే మనిషి దొరకడు. చివరికి జానెడు కలుపు మీద కొడతాం. బెట్టకు వాడిన కలుపైతే మందును సరిగా పీల్చుకోదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందును బురద నీళ్లలో కలిపితే మట్టి రేణువులు దాన్ని అక్కడికక్కడే పట్టేసుకుంటాయి. 2,4-డి అనే వెడల్పాకు కలుపు మందు కొట్టిన ట్యాంకును సరిగా కడగకుండా పత్తిలోకి తీసుకెళ్తే ఆ పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. కలుపు మందుకు స్ప్రేయర్ వేరే పెట్టుకోవాలని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే అనిపిస్తుంది.

కిందటేడు నాకు జరిగిందీ ఇదే. ఎనిమిది రోజులు ఆలస్యంగా కొట్టాను. పైకి చూస్తే కలుపంతా పండిపోయినట్టు పసుపెక్కింది. పదిహేను రోజులకు ఊద గడ్డి మళ్లీ మొదలు నుంచి పిలకలు వేసింది.

నా ఎంపిక మారింది ఇక్కడే. మందు ఎంత శాతం కలుపును చంపిందని అందరూ అడుగుతారు. నేను ఇప్పుడు బతికినవి ఎన్ని, అవి గింజ రాల్చాయా అని చూస్తున్నాను. ఊద మొక్క ఒక్కటి వేల గింజలు ఇస్తుంది. తోటకూర జాతి కలుపులో పామర్ అమరాంత్ అనేది ఉంది. దాని ఆడ మొక్క అనువైన చోట లక్షల్లో గింజలు రాలుస్తుంది. వందలో తొంభై ఎనిమిది చచ్చినా, మిగిలిన రెండూ వచ్చే ఏడాదికి నేలను మళ్లీ నింపేస్తాయి.

ఆ మిగిలిన రెండూ మామూలువి కాకపోవచ్చు కూడా. మందు కలుపును మార్చదు. ఆ మందును తట్టుకునే మొక్క ఆ గుంపులో ఎక్కడో ముందే ఉంటుంది. మనం పక్కవాటిని చంపి దానికి చోటిస్తాం. గ్లైఫోసేట్ మార్కెట్‌లోకి వచ్చింది 1974లో. దానికి లొంగని రైగ్రాస్ అనే గడ్డి ఆస్ట్రేలియాలో 1996లో బయటపడింది. మన దేశంలో హర్యానా, పంజాబ్ గోధుమ రైతులు ఐసోప్రొట్యూరాన్ అనే కలుపు మందు ఒక్కదాన్నే ఏళ్ల తరబడి కొట్టారు. 1990ల మొదట్లో గుల్లీదండ అనే గడ్డి దానికి లొంగడం మానేసింది. కొన్నిచోట్ల పచ్చి గోధుమనే పశువులకు కోసేయాల్సి వచ్చింది.

మందు తాకే కలుపు ఎంత ఎక్కువుంటే, తట్టుకునే మొక్క అందులో దొరికే అవకాశం అంత ఎక్కువ. తివాచీలా పరుచుకున్న కలుపు మీద ఒకే మందు కొట్టడమంటే ఆ అవకాశాన్ని మనమే పెంచడం. విత్తగానే ఒక మందు, దాని తర్వాత గుంటక పడితే, మొలిచాక మందు అవసరమైనా అది తాకేది కొద్ది మొక్కల్నే. వాటిలో బతికినవి కంటికి ఆనుతాయి, చేత్తో పీకొచ్చు. నా దృష్టిలో ముందు మందు పైచేయి ఇదే. అలాగని ఏటా అదే ముందు మందు కొడితే, దానికీ ఇదే గతి పడుతుంది.

మందు మార్చడమంటే పేరు మార్చడం సరిపోదు. లేబుల్ మీద గ్రూప్ నంబర్ (మందు కలుపును ఏ చోట దెబ్బకొడుతుందో చెప్పే అంకె) ఉంటే చూడండి. ఇమాజెథాపిర్, బిస్‌పైరిబాక్, మెట్‌సల్ఫ్యూరాన్ మూడూ వేర్వేరు పంటల్లో, వేర్వేరు డబ్బాల్లో వస్తాయి. కానీ మూడూ గ్రూప్ 2, కలుపులో దెబ్బకొట్టే చోటు ఒకటే. క్విజలోఫాప్, ఫెనాక్సాప్రాప్ రెండూ గ్రూప్ 1. డబ్బా మార్చి మందు మార్చామనుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. డబ్బు పెట్టి మరీ నష్టపోతున్నారు. డోసు తగ్గించి కొట్టడం కూడా అంతే చేటు. సగం డోసుకు కాస్త గట్టి మొక్కలు బతుకుతాయి, వాటి పిల్లలు ఇంకాస్త గట్టిగా పుడతాయి.

గుంటక సంగతి. ఎండ కాసే రోజు పైపైన తోలితే, పెకలించిన కలుపు సాయంత్రానికి ఎండిపోతుంది. మందుకు లొంగని మొక్క కూడా దీనికి లొంగుతుంది. కానీ సాలులో మొక్కకూ మొక్కకూ మధ్య ఉన్నదాన్ని అది తీయలేదు. ముసురు పట్టిన వారం పొలంలోకే వెళ్లలేదు. లోతుగా తోలితే అడుగున నిద్రపోతున్న గింజల్ని పైకి తెస్తుంది. తుంగ, గరిక ఉన్న చోట ముక్కలు చేసి పొలమంతా పంచుతుంది. వేరుశెనగలో ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగాక అసలు తోలకూడదు. ఒక్క గుంటకతోనే గట్టెక్కాలంటే వాతావరణం కలిసి రావాలి. జత పనిముట్టుగా మాత్రం దానికి సాటి లేదు.

చేతి కలుపు శ్రేష్ఠమే, కూలీలు దొరికితే. (దానికీ కలుపు అలవాటు పడుతుంది. తరతరాలుగా చేత్తో కలుపు తీసిన వరి మడుల్లో, పూత వచ్చేదాకా వరి నుంచి వేరు చేయలేనట్టుండే ఊద రకం తయారైంది.) మల్చింగ్ (నేలను గడ్డితోనో షీటుతోనో కప్పడం) కూరగాయలకు బాగుంటుంది. పైరు దగ్గరగా విత్తడం, పంట మార్పిడి ఎలాగూ చేయాల్సినవే.

విత్తే ముందు పది పదిహేను రోజులు సమయం ఉంటే మాత్రం ఒక పని తప్పక చేయండి. దుక్కి సిద్ధం చేసి, ఒక తడి ఇచ్చి, కలుపును మొలవనివ్వండి. దాన్ని పైపైన గీకి చంపి, మట్టిని మళ్లీ కదపకుండా విత్తండి. పై పొరలోని గింజల్లో మంచి వాటా పంట మొలవకముందే ఖర్చయిపోతుంది.

కాబట్టి పదును ఉండి, మట్టి మెత్తగా ఉంటే నా ఓటు విత్తగానే కొట్టే మందుకు, దాని వెనక గుంటకకు. పొడి దుక్కిలో విత్తినా, చెత్త కప్పిన నేలైనా, తుంగ బెడద ఎక్కువున్నా మొలిచాక కొట్టే మందుకు వెళ్లండి, కానీ కలుపు నాలుగు ఆకులు దాటకముందే.

మా మొక్కజొన్న ఇప్పుడు కంకి దశలో ఉంది. సాళ్ల మధ్య దాదాపు శుభ్రం. గట్టు పక్క రెండు సాళ్లలో మాత్రం, నాజిల్ సరిగా అందని చోట, ఊద నిలబడింది. నిన్న లెక్కపెడితే నలభై దాకా ఉన్నాయి. ఇంకా కంకి తీయలేదు. ఈ వారంలోనే వేళ్లతో సహా పీకి పొలం బయటికి మోసేస్తాను.