ప్యాకెట్‌లో పదో సూది కూడా మొదటిదానిలాగే కుట్టాలి: మెషిన్ సూదుల మీద నా సమీక్ష

గుంటూరులో మా కొట్లో ఎక్కువగా కుట్టేవి పెళ్లి జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు. జూన్ దగ్గర పడిందంటే స్కూల్ యూనిఫాంలు. రెండు పవర్ మెషిన్లు, ఒక ఓవర్‌లాక్ కొట్లో ఉంటాయి. ఇంటి దగ్గర అమ్మ కాలంనాటి తొక్కుడు మెషిన్ ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. వీటన్నిటి మీద ఏళ్ల తరబడి రకరకాల సూదులు వాడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. మెషిన్ కొనేముందు పదిమందిని అడుగుతాం. సూది కొనేటప్పుడు మాత్రం "14 నంబర్ ఒక ప్యాకెట్ ఇవ్వండి" అని ఊరుకుంటాం. కుట్టు పాడైతే దారం బిగువు (టెన్షన్) తిప్పుతాం, కింది దారం చుట్టిన బాబిన్ ఉండే కేసు మారుస్తాం, మెకానిక్‌ను పిలుస్తాం. సూది సంగతి చివర్లో గుర్తొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సూది ఎంత గట్టిగా ఉంది, ఎంత పదునుగా ఉంది అన్నది రెండో సంగతి. ఒకే నంబర్‌వి పది కొంటే పదీ ఒకేలా ఉన్నాయా అన్నది మొదటి సంగతి. కుట్టు రోజూ ఒకే తీరుగా రావాలంటే దీని తర్వాతే ఏదైనా.

పవర్ మెషిన్లకు నేను వాడేవి గ్రోజ్-బెకర్ట్, ఆర్గన్. గ్రోజ్-బెకర్ట్ 1852లో మొదలైన జర్మన్ కంపెనీ, మన దేశంలో చండీగఢ్‌లో వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. ఆర్గన్ జపాన్‌ది. రెండింటిలోనూ డీబీ×1 రకం తీసుకుంటాను. ప్యాకెట్ మీద 16×231 అనో 1738 అనో ఉన్నా అదే సూది. తొక్కుడు మెషిన్‌కు హెచ్ఏ×1 కావాలి, దాని మీద 130/705 హెచ్ అని కూడా రాసి ఉంటుంది. బిగించే లావు భాగం ఒకవైపు చదునుగా ఉంటుంది కాబట్టి దాన్ని వంకరగా పెట్టడం కుదరదు. పవర్ మెషిన్ సూదికి ఆ భాగం గుండ్రంగా ఉంటుంది. సూది పొడవునా ఉండే గాడి సరిగ్గా ఎడమవైపుకు వచ్చేలా మనమే చూసి బిగించాలి. కొంచెం పక్కకు తిరిగినా కుట్టు దాటేస్తుంది, అంటే మధ్యలో కుట్టు పడకుండా పోతుంది. డీపీ×5 అని ఇంకో రకం ఉంది. దాని బిగించే పైభాగం మందం 2 మిల్లీమీటర్లు, డీబీ×1ది 1.6 చిల్లర. కొట్టతను ఒకటి లేదని రెండోది ఇస్తే తీసుకోవద్దు.

ఒకేలా ఉండటం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కుట్టు ఎలా పడుతుందో చూడాలి. సూది గుడ్డలోంచి అడుగు దాకా దిగి, మళ్ళీ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు లేచేసరికి దారం గుడ్డ రాపిడికి అక్కడే ఆగి, సూది వెనకవైపు చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణంలో, మెషిన్ అడుగున తిరిగే హుక్ కొన వచ్చి ఉచ్చులో దూరి, దారాన్ని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. దూరలేకపోతే ఆ కుట్టు పోయినట్టే. బెజ్జానికి కాస్త పైన సూదిని వెనకవైపు చెక్కినట్టు ఒక లోతు ఉంటుంది చూడండి, దాన్ని స్కార్ఫ్ అంటారు. హుక్ కొన సూదికి తగలకుండా వీలైనంత దగ్గరగా రావడానికే ఆ చెక్కుడు. ఎంత దగ్గరగా అంటే, జూకీ డీడీఎల్-8700 అనే పవర్ మెషిన్ మాన్యువల్లో సూదికీ హుక్ కొనకూ మధ్య సందు 0.04 నుంచి 0.1 మిల్లీమీటర్ల దాకా ఉండాలని ఉంది. తలవెంట్రుక మందం అటూ ఇటూ.

ఇప్పుడు ఒక సూదికి ఆ లోతు కాస్త ఎక్కువ, ఇంకోదానికి తక్కువ ఉందనుకోండి. మొదటిదానికి సెట్ చేసిన టైమింగ్, అంటే సూదీ హుక్కూ కలిసే లెక్క, రెండోదానికి పనికిరాదు. పేరు లేని ప్లాస్టిక్ డబ్బీల్లో విడిగా అమ్మే సూదులతో మాకు ఎదురైంది ఇదే. "అక్కా, ఇప్పుడే సూది మార్చాను, అయినా కుట్టు దాటేస్తోంది" అని మా కొట్లో అమ్మాయి అనేది. మెకానిక్ వచ్చి హుక్ జరిపి వెళ్లేవాడు. ఆ సూదికి బాగానే ఉండేది. అది విరిగి కొత్తది పెట్టగానే వ్యవహారం మళ్ళీ మొదటికొచ్చేది. ఆ విడి సూదుల్లోనూ చక్కగా కుట్టేవి ఉంటాయి, కాదనను. కానీ ఏది కుట్టేదో, ఏది దాటేదో పెట్టి చూస్తే తప్ప తెలియదు. పైన చెప్పిన రెండు కంపెనీల సూదులకు మారాక సూది మార్చినందుకు టైమింగ్ ముట్టుకోవాల్సిన పని పడలేదు. నేను వాటికి డబ్బు పెట్టేది ఈ ఒక్క కారణానికే.

ప్యాకెట్ తెచ్చాక మేం చిన్న పరీక్ష చేస్తాం. సూదిని అద్దం ముక్క మీద దొర్లిస్తే కొన ఒకే ఎత్తులో తిరగాలి, ఊగిందంటే వంగి ఉన్నట్టు. చదును సూదినైతే చదునువైపు అద్దానికి ఆనించి, కింద సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా సమానంగా ఉందో లేదో చూడాలి. బెజ్జంలోంచి దారాన్ని గట్టిగా పట్టి కొన్నిసార్లు అటూ ఇటూ లాగితే నూగు లేవకూడదు. ఈ మూడోది చాలామంది చూడరు. దారంలో ప్రతి ముక్కా కుట్టులో స్థిరపడేలోపు బెజ్జంలోంచి పదుల సార్లు వెనక్కీ ముందుకీ జారుతుంది. బెజ్జం అంచు నున్నగా లేకపోతే దారం తెగకపోయినా పీచులేస్తుంది, కుట్టు కాస్త సన్నగా, కాస్త లావుగా కనిపిస్తుంది. అలాంటప్పుడు అందరూ దారాన్ని తిడతారు.

ఇక నంబర్ల సంగతి. ప్యాకెట్ మీద 90/14 అని ఉంటే, 90 అన్నది మిల్లీమీటర్లో నూరో వంతుల లెక్క. అంటే సూది మందం 0.90 మిల్లీమీటర్లు. 75/11 అంటే 0.75, 100/16 అంటే ఒక మిల్లీమీటర్. మా చుట్టుపక్కల టైలర్లు చాలామంది 16 పెట్టేసి అన్నీ దానితోనే లాగించేస్తారు. విరగదు కదా అన్నది వాళ్ల లెక్క. యూనిఫాం గుడ్డకు, కాన్వాస్ వేసిన కాలర్‌కు అది సరే. పట్టు జాకెట్‌కు మాత్రం నేను ఒప్పుకోను.

పట్టు మీద సూది గుణం కుట్టేటప్పటికన్నా విప్పేటప్పుడు బాగా తెలుస్తుంది. పెళ్లి జాకెట్ అన్నాక ఏడాది తిరక్కుండానే వదులు చేయమని వస్తుంది. అందుకే లోపల గుడ్డ వదిలిపెడతాం. ధర్మవరం లాంటి చిక్కటి నేత పట్టు మీద 16 నంబర్ సూదితో వేసిన కుట్టు విప్పితే చుక్కల వరస అలాగే ఉండిపోతుంది. ఆ గీత చంక కింద దాక్కుంటే సరే, ముందువైపు ఆకారం కోసం వేసే డాట్ మడత దగ్గర పడితే జాకెట్ పోయినట్టే. అదే 11 నంబర్‌తో కుట్టి ఉంటే, వెనకవైపు నుంచి గోటితో మెల్లగా రుద్ది స్టీమ్ ఇస్త్రీ పట్టిస్తే పోగులు చాలావరకు సర్దుకుంటాయి. ఖరీదైన చీరలోంచి కోసిన జాకెట్ ముక్క మళ్ళీ దొరికేది కాదు. కుట్టిచ్చే ప్రతి జాకెట్‌నూ రేపు ఎవరో విప్పుతారన్న లెక్కతోనే సూది ఎంచుకోవాలి.

కుట్టు వెంట చిన్న చిన్న ముడతలు రావడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. చిక్కటి నేతలో పోగుల మధ్య ఖాళీ ఉండదు. లావు సూది దూరితే పోగులు పక్కకు నెట్టుకుని, మళ్ళీ సర్దుకునే చోటు లేక గుడ్డ ముడుచుకుంటుంది. టెన్షన్ ఎంత వదులు చేసినా ఆ ముడత పోదు. సూదిని 11కు దించి, దారాన్ని కూడా సన్నది వాడితే పోతుంది. సూదికి దారం సరిపోయిందో లేదో చూడటం తేలికే. జానెడు దారం సూదిలో ఎక్కించి, రెండు చివరలూ పట్టుకుని ఏటవాలుగా ఎత్తండి. సూది దానంతట అది జారి రావాలి. ఇరుక్కుంటే బెజ్జం చిన్నదైనట్టు.

కొన ఆకారం ఇంకో పెద్ద విషయం. ప్యాకెట్ మీద ఆర్ అని ఉంటే మామూలు కొన. లైనింగ్, మంగళగిరి కాటన్, యూనిఫాం అన్నీ దానితోనే కుడతాం. ఎస్‌పీఐ అంటే సన్నగా పదునుగా చెక్కిన కొన. పట్టు, క్రేప్, శాటిన్ మీద కుట్టు గీత గీసినట్టు తిన్నగా రావాలంటే అదే పెట్టాలి. మామూలు కొన పోగు తగిలినప్పుడల్లా కాస్త పక్కకు జారుతుంది, సన్నకొన ఎక్కడ పెడితే అక్కడే దిగుతుంది. ఎస్ఈఎస్ అంటే కొన చిన్న గుండులా ఉంటుంది. లెగ్గింగ్స్, లైక్రా, బనియన్ గుడ్డల్లో అది పోగును పొడవకుండా పక్కకు తోసుకుంటూ పోతుంది. అల్లిక గుడ్డలో పదును సూది పెడితే పోగు తెగి, నాలుగు ఉతుకులకు చిల్లు పడుతుంది. దుకాణంలో ఎస్ఈఎస్ అని నోరు తెరిచి అడగకపోతే ఆర్ చేతిలో పెడతారు.

సన్నకొనకు ఉన్న ఇబ్బంది ఒక్కటే, అది తొందరగా మొద్దుబారుతుంది. జరీ అంచు మీద మరీను. అంచు మడతలో నాలుగైదు పొరల జరీ వచ్చినప్పుడు చెవి పెట్టి వినండి, మొద్దుబారిన సూది గుడ్డలో దిగేటప్పుడు టప్ టప్‌మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చాక ఇంకో జాకెట్ కుడితే పోగు లాగి గుడ్డ మీద అడ్డగీత పడుతుంది. పట్టు పని మొదలుపెట్టేటప్పుడు మేం కొత్త సూదే పెడతాం. పట్టుకు వాడి తీసేసింది, నంబర్ సరిపోతే, లైనింగ్ పనికి వెళ్తుంది. ఒక్క సూది ఖరీదు జాకెట్ కుట్టుకూలిలో లెక్కలోకి రాదు.

బంగారు రంగు పూత వేసిన సూదుల గురించి చాలామంది అడుగుతుంటారు. అది టైటానియం నైట్రైడ్ పూత. కొన అరగకుండా, బెజ్జం అంచు చెదరకుండా కాపాడుతుంది. యూనిఫాం సీజన్లో రోజంతా మెషిన్ ఆగకుండా నడుస్తుంది కాబట్టి అప్పుడు కొంటాను, మామూలు సూదికన్నా స్పష్టంగా ఎక్కువ కాలం వస్తుంది. వంగకుండా కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు. మందపు అతుకు మీద గుడ్డను చేత్తో వెనక్కి లాగితే పూత ఉన్నదైనా వంగి ప్లేటుకు కొట్టుకుంటుంది. మందపు గుడ్డలకు గ్రోజ్-బెకర్ట్‌లో శాన్ 6 అని వేరే ఉంది, జీన్స్ కోసం చేసినది. సూది ఒళ్ళు కొనవైపు సన్నబడుతూ పైన బలంగా ఉంటుంది కాబట్టి మడతల మీద పక్కకు వాలదు. జీన్స్ కింద అంచు మడతలు కుట్టడానికి తెచ్చుకున్నాను, అతుకు ఎక్కేచోట కుట్టు దాటడం ఆగింది.

వేడి సంగతి కూడా చెప్పాలి. పవర్ మెషిన్ గరిష్ఠ వేగం నిమిషానికి 5 వేల కుట్లు దాటుతుంది. అంత వేగంలో సింథటిక్ గుడ్డ రాపిడికి సూది 200 డిగ్రీల పైకి వేడెక్కగలదు. పాలిస్టర్ దారం 250–260 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. పొడవు కుట్టు లాగి ఆపగానే దారం తెగి, తెగిన చివర గట్టిగా చిన్న పూసలా కనిపిస్తే అది వేడి వల్లే. బెజ్జంలో కరిగిన మడ్డి కూడా అంటుకుంటుంది. మేం వేగం మార్చుకోగల సర్వో మోటార్ మీద వేగం సగానికి తగ్గించి, ఒక నంబర్ సన్న సూది పెట్టుకుంటాం.

విరిగిన సూది విషయంలో అచ్యుతాపురం వైపు బట్టల ఫ్యాక్టరీలో చేసి వచ్చిన ఒకమ్మాయి మాకొక అలవాటు నేర్పింది. ముక్కలన్నీ వెతికి, పక్కపక్కన పేర్చి, సూది పూర్తిగా వచ్చిందని తేలాకే మళ్ళీ కుట్టు మొదలుపెట్టాలి. పిల్లల యూనిఫాంలు కుట్టే ప్రతి కొట్లోనూ ఇది ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

తయారీదారులను నేను అడిగేది ఒకటుంది. పైభాగం మీద చెక్కిన నంబర్ భూతద్దం ఉంటే తప్ప కనపడదు. ప్యాకెట్‌లోంచి తీశాక అది ఆర్ రకమో ఎస్ఈఎస్ రకమో పోల్చుకోలేం. ఇంటి మెషిన్లకు వచ్చే ష్మెట్జ్ సూదులకు రంగు గీతలు వేస్తారు. స్ట్రెచ్‌కు పసుపు, జీన్స్‌కు నీలం, సన్నకొన మైక్రోటెక్స్‌కు ఊదా. నేను కొనే డీబీ×1 సూదులకు కూడా అలా వేస్తే సాయంత్రం దీపాల వెలుగులో పనిచేసేవాళ్లకు ఎంతో మేలు. అప్పటిదాకా మేం మూడు రంగుల స్పాంజి ముక్కలు గోడకు అంటించి, రకానికొకదానిలో గుచ్చిపెట్టుకుంటున్నాం.

తొక్కుడు మెషిన్ మీద ఇప్పుడు నాకు బాగా నచ్చిన సూది మెటాలిక్ అని వచ్చేది, గులాబి గీత ఉంటుంది. బెజ్జం పొడవుగా ఉండటంతో జరీ దారం చిట్లకుండా జారుతుంది. మెడ చుట్టూ జరీ దారంతో పైకుట్టు వేయాలంటే టెన్షన్ బాగా వదులు చేసి, కుట్టు పొడవు కాస్త పెంచి, ఆ సూది పెట్టి మెల్లగా తొక్కుతాను. పవర్ మెషిన్ మీద ఆ పని చేయమని ఎవరికీ చెప్పను.