పది క్లాసుల గోల్ఫ్ ప్యాకేజీ: డబ్బు కట్టేముందు మీ తుంటి చూడమనండి

హైదరాబాద్‌లో కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టినవాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా నాలాగా నలభై దాటి, రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల కోసం. అకాడమీ పేరు చెప్పను, జరిగింది మాత్రం చెప్తాను.

పది క్లాసులకు 25 వేలు ముందే కట్టించుకున్నారు. మొదటిరోజే కోచ్ నా స్వింగ్ (బంతిని కొట్టడానికి కర్ర తిప్పే తీరు) వీడియో తీసి, పక్కన పేరుమోసిన గోల్ఫ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ వీడియో పెట్టి, రెండింటి మీదా ఎర్రగీతలు గీశాడు. "భుజాలు ఇంకా తిరగాలి సార్. తుంటి కదలకూడదు, ఎడమ మడమ లేవకూడదు." పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని అడగనే లేదు. కాలేజీ రోజుల్లో బైక్ మీంచి పడ్డప్పటి నుంచి నా ఎడమ తుంటి బిగుసుకుపోయి ఉంటుంది. ఆ సంగతి నేనే చెబితే, "స్ట్రెచింగ్ చేయండి, అదే వస్తుంది" అన్నాడు.

నాలుగో క్లాసుకి నడుము కుడివైపు పట్టేసింది. ఆరో క్లాసు మర్నాడు సాక్సు వేసుకోవడానికి వంగలేక, మంచం మీద వెల్లకిలా పడుకుని కాలు పైకెత్తి తొడుక్కున్నాను. (మా ఆవిడ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.)

ఫిజియో రెండు నిమిషాల్లో తేల్చేసింది. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు కదలకుండా పట్టుకుని, పాదాన్ని బయటివైపు జరిపింది. కుడికాలు హాయిగా వెళ్లింది. ఎడమది కాస్త జరిగి ఆగిపోయింది. కుడిచేతి వాటం ఆటగాడు బంతిని కొట్టేటప్పుడు ఒళ్లంతా ఎడమ తుంటి మీదే తిరగాలి. అది తిరగనంటే ఆ భారం నడుము మోస్తుంది.

తర్వాత ఇంకో కోచ్ దగ్గర ఒక్క క్లాసు తీసుకున్నా. ఆయన నా ఎడమ పాదాన్ని టార్గెట్ వైపు కొంచెం తిప్పి నిలబెట్టాడు, బ్యాక్‌స్వింగ్‌లో, అంటే కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు, మడమ లేవనిచ్చాడు. అంతే. 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నీలు) గెలిచిన జాక్ నిక్లాస్ కూడా మడమ లేపే కొట్టేవాడు. స్పెయిన్ ఆటగాడు జాన్ రామ్‌కి పుట్టుకతోనే కుడిపాదం వంకర, చీలమండ సరిగా వంగదు. అందుకే బ్యాక్‌స్వింగ్ పొట్టిగా పెట్టుకుని 2021 యూఎస్ ఓపెన్, 2023 మాస్టర్స్ గెలిచాడు. ఆయన పక్కన ఎర్రగీతలు గీస్తే ఏమయ్యేదో!

కాబట్టి ముందు ఒక్క క్లాసుకే డబ్బు కట్టండి. తుంటి, భుజాలు, చీలమండలు ఎంత తిరుగుతాయో చూడకుండా, పాత దెబ్బల సంగతి అడగకుండా నేరుగా వీడియో తీయడం మొదలుపెడితే బ్యాగు సర్దుకుని వచ్చేయండి. రశీదు వెనక కూడా చదవండి. రీఫండ్ లేదని, మూడు నెలల్లో క్లాసులన్నీ వాడేసుకోవాలని చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూసుకోలేదు. మిగిలిన నాలుగు క్లాసులు మా తమ్ముడికి ఇవ్వమని అడిగితే అదీ కుదరదన్నారు.