సీ-స్పాన్ వీడియో లైబ్రరీ: ప్రైమరీ పోరును కత్తిరింపులు లేకుండా చూడదలచిన వారికి

అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు ఒక్కో పార్టీలో తన అభ్యర్థిని ఎంచుకోవడానికి జరిగే ప్రైమరీ పోరు వార్తా చానళ్ల ప్రేక్షకుడికి ఎక్కువగా రెండు రూపాల్లోనే అందుతుంది: చర్చావేదిక మీద ఒకరు విసిరిన చురక, మర్నాడు వెలువడిన ఓట్ల శాతం. ముందంజలో ఉన్న అభ్యర్థి ఎక్కడ తడబడ్డారు, సవాలు చేసిన అభ్యర్థి ఏ నిబంధన దగ్గర ఆగిపోవలసి వచ్చింది, ఓడినవారు ఎలాంటి మాటలతో బరి నుంచి తప్పుకున్నారు అన్న ప్రశ్నలకు అందులో జవాబు దొరకదు. ఈ వెలితిని అమెరికా టీవీ సంస్థ సీ-స్పాన్ వీడియో లైబ్రరీ ఎంతవరకు పూడుస్తుందో చూడడమే ఈ సమీక్ష ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. పార్టీలోపలి పోటీని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఉచిత సాధనం నా ఎరుకలో లేదు. అయితే ఏం వెతకాలో తెలియకుండా వచ్చిన వారికి ఇది దాదాపు ఏమీ చెప్పదు.

కేబుల్ సంస్థలు చెల్లించే సొమ్ముతో, లాభాపేక్ష లేని సంస్థగా నడిచే సీ-స్పాన్ 1979లో అమెరికా ప్రతినిధుల సభ సమావేశాల ప్రసారంతో మొదలైంది. దాని వీడియో భాండాగారానికి 1987లో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పునాది పడింది. 2010 నాటికి ఆ సంచయం ఇంటర్నెట్‌లో అందరికీ తెరుచుకుంది. చట్టసభల సమావేశాలతో పాటు ఎన్నికల ప్రచార సభలు, అయోవా రాష్ట్రపు కాకస్‌లు (పార్టీ మద్దతుదారులు ఒకచోట చేరి తమ అభ్యర్థి ఎవరో తెలిపే సమావేశాలు), పార్టీ కమిటీల సమావేశాలు, అభ్యర్థిని లాంఛనంగా ఎన్నుకునే జాతీయ మహాసభలు ఇందులో ఉన్నాయి. చాలావరకు ఇవి మొదటి మాట నుంచి చివరి మాట దాకా యథాతథంగా ఉంటాయి. మధ్యలో వ్యాఖ్యాత జోక్యం ఉండదు, ఎవరు గెలిచినట్టో చెప్పే నిపుణుల బృందం ఉండదు. ఈ సేవ గొప్పదనం, ఇబ్బంది రెండూ అక్కడే ఉన్నాయి.

గొప్పదనం ఏమిటో తెలియాలంటే 2008 మే 31న వాషింగ్టన్‌లోని ఒక హోటల్లో జరిగిన డెమోక్రటిక్ జాతీయ కమిటీ నిబంధనల సంఘం సమావేశాన్ని చూడాలి. పార్టీ నిర్ణయించిన తేదీలకంటే ముందుగా ప్రైమరీలు జరుపుకున్నందుకు ఫ్లోరిడా, మిషిగన్ రాష్ట్రాలు అంతకుముందే తమ డెలిగేట్లను (మహాసభలో అభ్యర్థికి ఓటు వేసే ప్రతినిధులను) పూర్తిగా కోల్పోయాయి. ఆ శిక్ష వేసిన నాటికి హిల్లరీ క్లింటన్ ముందంజలో ఉన్న అభ్యర్థి, బరాక్ ఒబామా ఆమెను సవాలు చేస్తున్న వ్యక్తి. మే నెలాఖరుకు పాత్రలు తారుమారయ్యాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువ ఓట్లు పొందిన క్లింటన్‌కు ఇప్పుడు ఆ డెలిగేట్లు పూర్తి ఓటుతో లెక్కలోకి రావలసిన అవసరం ఏర్పడింది. మిషిగన్ బ్యాలెట్‌పై ఒబామా పేరే లేదన్న సంగతి చిక్కును మరింత బిగించింది. ఫ్లోరిడా డెలిగేట్లను సగం ఓటుతో అనుమతించడానికి సంఘం ఏకగ్రీవంగా అంగీకరించింది. మిషిగన్ విషయంలో క్లింటన్‌కు 69, ఒబామాకు 59 చొప్పున పంచి, అక్కడా ఒక్కొక్కరికి సగం ఓటే ఇవ్వాలన్న ప్రతిపాదన 19–8 తేడాతో నెగ్గింది.

ఆ వీడియోలో తప్పక చూడవలసిన భాగం క్లింటన్ సలహాదారు, సంఘ సభ్యుడు హెరాల్డ్ ఇకీస్ ప్రసంగం. తమ అభ్యర్థికి చెందిన నాలుగు డెలిగేట్లను లాక్కుంటున్నారని ఆయన కోపంతో ఆరోపించారు. ఈ వివాదాన్ని మహాసభ అర్హతల సంఘం ముందుకు తీసుకెళ్లే హక్కును నిలుపుకొమ్మని క్లింటన్ తనను ఆదేశించారని హెచ్చరించారు. వార్తల్లో ఆ ఒక్క హెచ్చరికే పదేపదే వినిపించింది. సమావేశం మొత్తం చూసిన వారికి మాత్రం మరొక సంగతి బోధపడుతుంది: నిబంధనలు కచ్చితంగా అమలు కావాలని మొదట ఓటు వేసిన వారిలో ఇకీస్ కూడా ఒకరు. అభ్యర్థి స్థానం మారితే నిబంధనకు చెప్పే అర్థం కూడా మారుతుందనడానికి ఇంత స్పష్టమైన సాక్ష్యం మరొకటి దొరకడం కష్టం. ఒబామా వర్గం కూడా ఏమీ తక్కువ తినలేదు. గట్టి పట్టు అవసరం లేని స్థితిలో ఉన్నారు కనుక ఉదారంగా కనిపించారు, అంతే. మూడు రోజుల తరువాత, జూన్ 3న, ఒబామా మెజారిటీకి కావలసిన డెలిగేట్లను దాటేశారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఆ రోజు భోజన విరామం చాలాసేపు సాగింది, అసలు బేరం అప్పుడే తలుపుల వెనక కుదిరింది. కెమెరా ఎంత నిజాయితీగా పనిచేసినా, అది గది లోపల ఉన్నప్పుడే కదా చూపగలిగేది.

ఇక ఇబ్బంది గురించి. 2008 మార్చి 4 రాత్రి ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో క్లింటన్ చేసిన విజయ ప్రసంగాన్ని తీసుకుందాం. సభలోని ఉత్సాహం చూస్తే పోటీ మలుపు తిరిగిందనే అనిపిస్తుంది. ఆ రోజు ఓటు వేసిన టెక్సస్‌లో ప్రైమరీ ఓట్లు ఎక్కువగా ఆమెకే వచ్చినా, అదే రాష్ట్రంలోని కాకస్‌లను కలిపి లెక్కిస్తే ఎక్కువ డెలిగేట్లు ఒబామాకే దక్కాయి. జనవరిలో నెవాడా కాకస్‌లలోనూ మద్దతు ఆమెకే ఎక్కువగా దక్కినా, ఎక్కువ డెలిగేట్లు ఒబామాకే వెళ్లాయి. డెమోక్రటిక్ పార్టీ డెలిగేట్లను ఓట్ల నిష్పత్తిలో, అదీ ఎక్కువ భాగం జిల్లాలవారీగా పంచుతుంది కనుక ఒక రాష్ట్రంలో స్వల్ప ఆధిక్యంతో గెలిస్తే ఒరిగేది తక్కువ. ముందున్న వారిని అందుకోవడం సవాలు చేసే అభ్యర్థికి అందుకే అంత కష్టం. ప్రసంగం వీడియో ఈ లెక్క ఏదీ చెప్పదు. ఆ రాత్రి ఎవరికి ఎన్ని డెలిగేట్లు వచ్చాయో చూపే చిన్న పట్టిక జత చేసినా ఈ లైబ్రరీ విలువ రెట్టింపయ్యేది. అలా చేర్చకపోవడం తటస్థతకు కట్టుబడడమే అని సంస్థ భావించి ఉండవచ్చు. ధ్రువపడిన అంకెలు ఎవరి పక్షమూ వహించవు కనుక ఆ వాదన నాకు సమంజసంగా తోచదు.

అయోవా కాకస్ సమావేశాల వీడియోలకు ఈ అభ్యంతరం వర్తించదు, ఎందుకంటే అక్కడ నియమం కంటికి కనిపిస్తుంది. డెమోక్రటిక్ కాకస్‌లలో 2020 దాకా పాఠశాల హాల్లోనో, సమావేశ మందిరంలోనో ఇరుగుపొరుగు వారు చేరి, ఒక్కో అభ్యర్థి మద్దతుదారులు ఒక్కో మూల నిలబడేవారు. సాధారణంగా 15 శాతం బలం లేని గుంపు చెదిరి మరొక గుంపులో కలవవలసి వచ్చేది. అవతలి మూలకు వెళ్లాలా, ఇంటిదారి పట్టాలా అని తర్జనభర్జన పడే మనుషులను, వారిని పేరుపెట్టి పిలుస్తూ బతిమాలే కార్యకర్తలను చూస్తుంటే, రెండో ఎంపికగా నిలవడం సవాలు చేసే అభ్యర్థికి ఎంత అవసరమో ఏ వ్యాసమూ చెప్పనంత బాగా అర్థమవుతుంది.

పూర్తి వీడియో కూడా మోసగించగలదనడానికి 2004 జనవరి 19 నాటి హవర్డ్ డీన్ ప్రసంగం ఉదాహరణ. అంతకుముందు నెలల్లో ముందంజలో ఉన్న డీన్ ఆ రాత్రి అయోవాలో జాన్ కెర్రీ, జాన్ ఎడ్వర్డ్స్‌ల తరువాత మూడో స్థానానికి పడిపోయారు. రాష్ట్రాల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతూ చివర ఆయన వేసిన కేకను చానళ్లు రోజుల తరబడి తిప్పాయి. ప్రసంగం మొత్తం చూస్తే ఓడిన కార్యకర్తలకు ధైర్యం చెప్పే నాయకుడే కనిపిస్తారు, ఆ మేరకు లైబ్రరీ ఆయనకు న్యాయం చేస్తుంది. కానీ ఆయన చేతిలోని మైకు చుట్టూ ఉన్న హోరును వడకట్టి గొంతును మాత్రమే పట్టుకునే రకం. హాల్లో ఉన్నవారికి జనం అరుపుల్లో కలిసిపోయిన కేక, ప్రసారంలో ఒంటరిగా, వికారంగా వినిపించింది. కత్తెర పడనంత మాత్రాన దృశ్యం సంపూర్ణం అనుకోకూడదు.

పార్టీ మహాసభల విషయంలో మాత్రం ఈ సేవకు సాటి లేదు. 1984 నుంచి మహాసభలను ఆద్యంతం చూపుతున్న సంస్థ ఇది. పోరు ఎలా ముగిసిందో పోల్చి చూడాలనుకునే వారికి రెండు ఘట్టాలు సూచిస్తాను. 2008 ఆగస్టు 27న డెన్వర్‌లో రాష్ట్రాలవారీ లెక్కింపు నడుస్తుండగా న్యూయార్క్ ప్రతినిధి బృందం నుంచి క్లింటన్ స్వయంగా లేచి, లెక్కింపు ఆపి ఒబామాను హర్షధ్వానాలతో ఎన్నుకోవాలని ప్రతిపాదించారు. 2016 జులై 26న ఫిలడెల్ఫియాలో ఈసారి ఆమెను సవాలు చేసి ఓడిన బెర్నీ శాండర్స్ వెర్మాంట్ బృందం నుంచి దాదాపు అదే పని చేశారు. అయితే అక్కడ లెక్కింపు చివరిదాకా సాగింది, ఆయన డెలిగేట్లు ఎందరో అందరూ విన్నాకే ప్రతిపాదన వచ్చింది. ఓడిన వర్గానికి ఆ తేడా చిన్నది కాదు.

రిపబ్లికన్ పార్టీ వైపు 2024 పోటీ ఇంకా తాజాగా ఉంది. డొనాల్డ్ ట్రంప్ పార్టీ చర్చలకు హాజరు కాలేదు కనుక, ఆయనకూ నిక్కీ హేలీకీ ముఖాముఖి జరగనే లేదు. ఆ పోరును విడివిడి సభల్లోనే చూడాలి. వాషింగ్టన్ నగరం, వెర్మాంట్ మాత్రమే గెలిచిన హేలీ మార్చి 6న తప్పుకుంటూ, తనకు ఓటు వేసినవారి మద్దతు సంపాదించుకోవలసిన బాధ్యత ట్రంప్‌దే అన్నారు తప్ప ఆయనను సమర్థించలేదు. జులై 16న మిల్వాకీ మహాసభలో గట్టి మద్దతు ప్రకటించారు. ఈ రెండు ప్రసంగాలనూ వెంటవెంటనే చూడడం మంచి అనుభవం.

వాడుకలో కొన్ని సంగతులు తెలుసుకుని ఉండాలి. వీడియో కింద కనిపించే పాఠం ప్రసార సమయపు ఉపశీర్షికల నుంచి దిద్దకుండా తీసినది, అందువల్ల పదాన్ని బట్టి కాక వ్యక్తి పేరు, తేదీల ఆధారంగా వెతకడం మేలు. కావలసిన భాగాన్ని ముక్కగా కత్తిరించి దాచుకునే సౌకర్యం ఉంది. ప్రైమరీ చర్చల కోసం మాత్రం దీన్ని నమ్ముకోకూడదు, వాటిని నిర్వహించేవి, హక్కులు కలిగి ఉండేవి ఎక్కువగా వార్తా చానళ్లే. 1976లో ఫోర్డ్–రేగన్, 1980లో కార్టర్–కెనెడీ, 1984లో మాండేల్–హార్ట్ పోరాటాలు భాండాగారం పుట్టకముందువి కనుక, వాటి కోసం వచ్చేవారు 2008కు దొరికే విస్తృతిని ఆశించకూడదు. పాత కార్యక్రమాలు చూడడానికి రుసుము లేదు. చానళ్ల ప్రత్యక్ష ప్రసారాన్ని అదే సైటులో చూడడానికి మాత్రం కేబుల్ చందాదారుగా లాగిన్ కావలసి వస్తుంది.