ఒక పౌండు రాజుగారు, 138 పౌండ్ల గది

ముందు గది సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. రాత్రికి 138 పౌండ్లు, పొద్దున టిఫిన్ కలిపి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్, వార్విక్‌షైర్ జిల్లాల సరిహద్దులో, రోల్‌రైట్ రాళ్లనే పురాతన నిలువురాళ్లున్న కొండ కింద ఒక ఊళ్లో, ఇంట్లోనే నాలుగు గదులు అద్దెకిచ్చే బస. ప్రకటనలో 'పురాతన శిలలు కనిపించే గది' అని రాసుంది. ఆ ఒక్క మాట కోసం పక్క ఊళ్లో 92కే దొరుకుతున్న గది వదులుకున్నాను. తీరా కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ల ఆయిల్ ట్యాంకు, రెండు చెత్తడబ్బాలు. ఓనరమ్మని అడిగితే, తల బయటపెట్టి ఎడమవైపు చూడమంది. చూశాను. గడ్డి కొండ. "ఆ కొండ అవతలే ఉన్నాయి మీ రాళ్లు" అంది, నవ్వుతూ.

గది అటక మీద. మెట్లు నిచ్చెనకి అన్నదమ్ముల్లా ఉన్నాయి. నాయినకి మోకాళ్ల నొప్పులు. గోడ పట్టుకుని ఎట్లో ఎక్కి, మంచం మీద కూలబడి, "ఎక్కుడైతే ఎక్కిన గని, దిగుడెట్లరా?" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

శాకాహారులమని రెండుసార్లు మెయిల్ పెట్టాను. పొద్దున ప్లేట్లో సగం టమాట, రెండు పుట్టగొడుగులు, డబ్బా బీన్స్, చల్లారిన బ్రెడ్డు. అందరికీ పెట్టే ప్లేటులోంచి మాంసం తీసేశారు, అంతే. నాయిన స్వెటర్ జేబులోంచి ఆవకాయ పొట్లం తీసి బీన్స్‌లో కలుపుకున్నాడు. ఓనరమ్మ వెంటనే కిటికీ తెరిచింది, ఆ ఆయిల్ ట్యాంకు వైపు కిటికీయే.

ఇక రాళ్లు. మేముండే రెడింగ్ నుంచి కార్లో గంటన్నర. కారు రోడ్డు పక్కనే ఆపుకోవాలి, నాలుగైదు బళ్లకే చోటు, అందుకే తొమ్మిదిలోపు వెళ్లండి. టాయిలెట్ లేదు, టీ కొట్టూ లేదు, దగ్గర్లోని చిప్పింగ్ నార్టన్ ఊళ్లోనే పనులు ముగించుకోవాలి. మేం వెళ్లినప్పుడు టికెట్టు పెద్దలకు 1 పౌండు, పిల్లలకు 50 పెన్నీలు. అంతకు ముందు స్టోన్‌హెంజ్ అనే పేరుమోసిన రాళ్ల వలయానికి తలకి 20 పౌండ్ల పైనే పోసి తాడు ఇవతల నిలబడి చూసొచ్చినవాణ్ణి. ఇక్కడ రాళ్ల వలయంలోకి నేరుగా నడిచిపోవచ్చు, చెయ్యి వెయ్యొచ్చు. పుచ్చిన పళ్లలా తొర్రలు పడ్డ సున్నపురాళ్లు, తొర్రల్లో పసుపురంగు నాచు. క్రీ.పూ. 2500 ప్రాంతం నాటివి, 70కి పైగా ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టి ఒకే అంకె వస్తే కోరిక తీరుతుందని అక్కడివాళ్ల నమ్మకం. నాకు 74, మా ఆవిడకి 79. మావాడు 40 దగ్గర బిస్కెట్ అడిగాడు.

నాకు నచ్చింది మాత్రం రోడ్డు దాటాక పొలంలో ఒంటరిగా నిలబడ్డ 'రాజు' రాయి. దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తు, నడుం విరిగినట్టు వంకర. ఎవరు, ఎందుకు పాతారో పండితులే ఇంకా తేల్చుకోలేదు. దగ్గర్లో దహనం చేసిన ఎముకలు దొరికాయి కాబట్టి క్రీ.పూ. 1800-1500 నాటి శ్మశానానికి గుర్తు కావచ్చని ఎక్కువమంది మాట. పూర్వం వేల్స్ నుంచి పశువుల్ని తోలుకుపోయేవాళ్లు దయ్యాలు పట్టకుండా దీని ముక్కలు చెక్కుకుపోయేవారట, ఆ వంకర అలా వచ్చిందే. ఇప్పుడు చుట్టూ ఇనప కటకటాలు.

నాయిన ఆ ఊచలు పట్టుకుని చాలాసేపు చూశాడు. మాది తెలంగాణలో మక్తల్ వైపు. ముడుమాల్ నిలువురాళ్లు చిన్నప్పట్నుంచి చూస్తున్న మనిషి. అవి 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కినా ఆయనకవి తిమ్మప్ప దేవుడే. "మనకాడ మొక్కుతరు. ఈడ జైల్ల ఏసిన్రు," అన్నాడు. ఆ తర్వాత మోకాళ్ల ఊసు ఎత్తలేదు.

ఈ రాయికో కథ ఉంది. దండెత్తి వచ్చిన రాజుతో ఒక మంత్రగత్తె, 'ఏడడుగులు వెయ్యి, లాంగ్ కాంప్టన్ ఊరు కనిపిస్తే ఇంగ్లండుకి నువ్వే రాజువి' అందట. అతను వేశాడు. ఏడో అడుగుకి ఎదురుగా నేల మిట్టై లేచి ఊరిని కప్పేసింది. రాజు ఈ రాయయ్యాడు, సైన్యం ఆ వలయం. మావాడు కటకటాల దగ్గర్నుంచి ఏడడుగులు గట్టిగా లెక్కపెడుతూ వేశాడు. ఎదురుగా నిజంగానే మిట్ట ఉంది, ఊరు కనపడలేదు.

"నీ కిటికీ కథే కదా ఇది," అంది మా ఆవిడ. రెండు రోజుల్లో తను నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం.

బోర్టన్, బిబరీ అనే ఊళ్లు కూడా చూశాం. వాటి గురించి అందరూ రాస్తారు.

ఇంటికొచ్చాక డబ్బు వాపసు అడుగుతూ ఫొటోలతో సహా మెయిల్ పెట్టాను. తొమ్మిది రోజులకి 15 పౌండ్లు తిరిగొచ్చాయి, 'గదిలోంచి కనిపించే దృశ్యం వాతావరణాన్ని బట్టి మారవచ్చు' అనే జవాబుతో. నాయినకి తెలుగులో చెప్పాను. కాసేపాలోచించి, "అయితే గా మంత్రాల ముసల్ది ఇంకా ఆడనే ఉన్నట్టుందిరా," అన్నాడు.