మోజెల్ ఒడ్డున సైకిల్ మీద: ఎక్కడ నిదానించాలి, ఏది వదిలేయాలి

జర్మనీలో ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా మోజెల్ నది వెంట వెళ్ళే సైకిల్ బాట 200 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చాలామంది దాన్ని నాలుగు రోజులకు సమానంగా పంచుకుని, రోజుకు యాభై చొప్పున తొక్కేసి వెళ్ళిపోతారు. కాళ్ళకు అదేమంత కష్టం కాదు. ఈ రెండు ఊళ్ళ మధ్య నది దిగే ఎత్తు మొత్తం కలిపినా డెబ్బై మీటర్లు ఉండదు. కానీ ఆ లెక్కలో వెళ్తే దారిలో ఏ ద్రాక్షతోటలోనూ ఆగలేరు, ఏ ఊళ్ళోనూ మధ్యాహ్నం గడపలేరు. పైగా ఈ దారి అంతా ఒకేలా ఉండదు. నడిమి భాగానికి రోజులు ఎక్కువ పెట్టి, మిగతాది రైలుకు వదిలేయడం మేలు.

ఇక్కడ కిలోమీటర్లను నమ్ముకుంటే లాభం లేదు. నది అన్ని మెలికలు తిరుగుతుంది. బెర్న్‌కాస్టెల్ నుంచి ట్రాబెన్-ట్రార్బాఖ్‌కు కొండ మీదుగా నడిస్తే ఆరేడు కిలోమీటర్లు, నది వెంట తొక్కితే 24. రోజుకు 25 నుంచి 35 కిలోమీటర్లు పెట్టుకుంటే పొద్దున తొమ్మిదిన్నరకు బయల్దేరి, మధ్యలో రెండుచోట్ల ఆగి, మూడు గంటలకల్లా గది చేరుకోవచ్చు.

షెంగెన్ నుంచి మొదలుపెడితే

మన పాస్‌పోర్టుల్లో అతికించే వీసా మీద కనబడే షెంగెన్ నిజానికి ఈ నది ఒడ్డునే, లక్సెంబర్గ్ వైపున్న చిన్న ఊరు. 1985 జూన్ 14న దేశాల మధ్య సరిహద్దు తనిఖీలను క్రమంగా ఎత్తేసే ఒప్పందం మీద సంతకాలు జరిగింది ఇక్కడే, నదిలో ఆగి ఉన్న ‘ప్రిన్సెస్ మేరీ-ఆస్ట్రిడ్’ అనే పడవలో. వంతెన దాటితే జర్మనీ వైపు పెర్ల్ రైల్వే స్టేషన్. పెర్ల్ నుంచి ట్రియర్‌కు సుమారు 50 కిలోమీటర్లు, అంతా చదునైన దారి. ఇక్కడి నేల సున్నపురాయి. జర్మన్ వైపు ఎల్‌బ్లింగ్ అనే పాతకాలపు పుల్లటి ద్రాక్ష, లక్సెంబర్గ్ వైపు ఓక్సెరువా అనే ద్రాక్ష రకం, క్రేమాన్ అనే నురగ వైన్ దొరుకుతాయి. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సులు, రైళ్ళలో రెండో తరగతి ప్రయాణం ఉచితం. అందువల్ల లక్సెంబర్గ్ నగరంలో దిగినవాళ్ళు నది ఒడ్డునున్న వాసర్‌బిల్లిగ్ దాకా రైల్లో ఖర్చు లేకుండా రావచ్చు. సమయం తక్కువైతే ఈ రోజును వదిలేయొచ్చు. బాగుంటుంది గానీ, మోజెల్ అంటే గుర్తుకొచ్చే నిటారైన కొండలు ఇంకా మొదలవ్వవు.

ట్రియర్‌లో ఒక పూట ఉండాల్సిందే. పోర్టా నీగ్రా కోట ద్వారం రోమన్లు కట్టింది. రైనిషెస్ లాండెస్‌మ్యూజియంలో ఉన్న రాతి పడవను తప్పక చూడండి. వైన్ పీపాలు మోసుకెళ్తున్న ఆ పడవను నోయ్‌మాగెన్‌లో దాదాపు 1800 ఏళ్ళ క్రితం ఒక సమాధి కోసం చెక్కారు. దాని నమూనాలో కట్టిన చెక్క పడవ ఇప్పటికీ నోయ్‌మాగెన్ రేవులో ఉంటుంది. ముందు మ్యూజియంలో చూసి, మర్నాడు తొక్కుకుంటూ ఆ ఊరు చేరితే రెండింటికీ సంబంధం తెలుస్తుంది. ట్రియర్ దాటాక మొదటి పదిహేను కిలోమీటర్లు సాదాసీదాగా ఉంటాయి. ష్వైష్ దాటితేనే లోయ ఇరుకై అసలు ఊళ్ళు మొదలవుతాయి.

నడిమి మోజెల్: రోజులు పెట్టాల్సింది ఇక్కడే

ష్వైష్ నుంచి బుల్లాయ్ దాకా ముఖ్య రైలు మార్గం నదిని వదిలేసి విట్లిఖ్ మీదుగా పోతుంది. ఇది మేలూ, ఇబ్బందీ రెండూ. రాత్రి గూడ్సు బండ్ల మోత ఉండదు, కిటికీ తెరిచి నిద్రపోవచ్చు. కానీ వాన పట్టుకుంటేనో, మోకాలు మొరాయిస్తేనో ఎక్కడానికి పక్కన స్టేషను ఉండదు. ట్రాబెన్ నుంచి బుల్లాయ్‌కు చిన్న రైలు ఉంది. బెర్న్‌కాస్టెల్ నుంచి విట్లిఖ్ మీదుగా డౌన్ అనే ఊరి దాకా వేసవిలో సైకిళ్ళ ట్రైలర్ తగిలించిన 300 నంబరు బస్సు నడుస్తుంది. సైకిల్‌కు చోటు ముందే బుక్ చేసుకోవాలి. అదే బస్సులో డౌన్‌కు ఎక్కిపోయి, పాత రైలు పట్టాల దారి మీద వేసిన మారె-మోజెల్ బాటలో 58 కిలోమీటర్లు తిరిగి బెర్న్‌కాస్టెల్ దిగడం ఈ ప్రాంతంలో అన్నింటికన్నా హాయైన రోజు. చాలా భాగం దిగుడే.

పీస్‌పోర్ట్ దగ్గర ఒక్కసారి సైకిల్ దిగి తోటలోకి నాలుగడుగులు ఎక్కండి. కాళ్ళ కింద మట్టి కనబడదు, అంతా పలకరాయి ముక్కలే. మార్కాపురం పలకలు చూసినవాళ్ళకు ఆ నీలి నలుపు వెంటనే గుర్తుకొస్తుంది. ఈ రాయి పగలు ఎండను పట్టి ఉంచి రాత్రి వేడిని వదులుతుంది. ఇంత ఉత్తరాన రీస్లింగ్ ద్రాక్ష పండడానికి అదే ఆధారం. ఒక్కో తీగకు ఒక్కో గుంజ, దాని రెండు కొమ్మలను గుండె ఆకారంలో వంచి కడతారు. ఆ వాలులో ట్రాక్టరు నిలవదు కాబట్టి మనిషి తీగ చుట్టూ తిరిగి పనిచేయడానికే ఈ పద్ధతి. కొన్నిచోట్ల ఒంటిపట్టా మీద పళ్ళచక్రంతో పాకే చిన్న బండి కోసిన పండ్లను కిందికి తెస్తుంది. ఊళ్ళోనే రోమన్ల కాలపు ద్రాక్ష గానుగ శిథిలాలున్నాయి.

బెర్న్‌కాస్టెల్-కూస్‌లో రెండు రాత్రులు ఉండండి. చౌరస్తా పక్కనున్న చెక్క చట్రాల ఇళ్ళ దగ్గర పగలంతా టూరిస్టు బస్సుల జనం. సాయంత్రం ఆరు దాటాక ఖాళీ. గది మాత్రం వంతెన అవతల కూస్ వైపు తీసుకుంటే చవక, నిశ్శబ్దం. ఆ వైపే నికొలాస్ ఫాన్ కూస్ అనే కార్డినల్ 15వ శతాబ్దంలో పెట్టిన వృద్ధాశ్రమం ఉంది. తన సొంత ద్రాక్షతోటల రాబడితో నేటికీ నడుస్తోంది. దాని నేలమాళిగలో మోజెల్ వైన్లెన్నో ఒకేచోట రుచి చూడొచ్చు. ఏ ఊరి వైన్ ఎలా ఉంటుందో అక్కడ తెలుసుకుని బయల్దేరితే తర్వాతి రోజుల్లో తడుముకోనక్కర్లేదు. వేలెన్ తోట మధ్యలో 1842 నాటి సూర్యగడియారం, ఊర్ట్సిగ్ దగ్గర ఎర్ర రాయి, నెత్తిమీద 160 మీటర్ల ఎత్తున 2019లో తెరిచిన హైవే వంతెన, ఇవన్నీ పదిహేను కిలోమీటర్లలోపే వస్తాయి. ఆ వంతెన లోయ అందాన్ని బాగా చెరిపేసింది. ఊర్ట్సిగ్ చేరేదాకా అది కంటికి అడ్డుపడుతూనే ఉంటుంది.

బస

ఇక్కడ మూడు రకాల బసలున్నాయి. హోటళ్ళు, వంటగదితో అద్దెకిచ్చే ఇళ్ళు, వైన్ రైతుల ఇళ్ళలోని గదులు. మొదటి ఓటు మూడోదానికే. వింట్సర్‌హోఫ్ అని బోర్డు ఉంటుంది. ఇద్దరికి ఉదయం ఫలహారంతో సాధారణంగా 80 నుంచి 110 యూరోల మధ్య పడుతుంది. సైకిల్ పెట్టడానికి తాళమున్న కొట్టం, సాయంత్రం రైతు చేత్తోనే ఆ ఇంటి వైన్. ఇబ్బంది ఏమిటంటే శని ఆదివారాల్లో చాలా ఇళ్ళు రెండు రాత్రులకు తక్కువ ఇవ్వవు. ‘బెట్ అండ్ బైక్’ గుర్తున్న చోట ఒక్క రాత్రికైనా ఇవ్వాలన్నది నియమం. తడిసిన బట్టలు ఆరబెట్టే చోటు, చిన్న రిపేర్లకు పనిముట్లు కూడా ఉంటాయి. సెప్టెంబరు మొదటి వారాంతంలో బెర్న్‌కాస్టెల్‌లో వైన్ పండగ. అప్పుడు చుట్టుపక్కల గదులే ఉండవు.

సామాను మోసే సేవ గురించి: పెద్ద సూట్‌కేస్ ఉంటే తీసుకోండి, రోజూ ఒక గది నుంచి ఇంకో గదికి వ్యానులో చేరవేస్తారు. కానీ ఆ సేవ తీసుకుంటే ప్రతి రాత్రి బస ముందే ఖాయం కావాలి, వాన వచ్చినా ఆగలేరు. ఇద్దరికి చెరో రెండు సంచులు వెనక క్యారియర్‌కు తగిలిస్తే వారం రోజులకు సరిపోతుంది. ఈ చదును దారిలో పది కిలోల బరువు తెలియనే తెలియదు.

సైకిల్

మామూలు ట్రెక్కింగ్ సైకిల్, 37 నుంచి 47 మిల్లీమీటర్ల టైర్లు చాలు. ఈ-బైక్ ఇక్కడ అవసరం లేదు, కొండపైని కోటలు ఎక్కాలనుకుంటే తప్ప. అది పాతిక కిలోల బరువు, స్టేషన్ మెట్ల దగ్గర మీదే భారం. అద్దెకు తీసుకునేటప్పుడు రెండు సంగతులు చూడండి. మొదటిది, వెనక్కి తొక్కితే పడే బ్రేకు. జర్మన్ అద్దె సైకిళ్ళలో ఇది మామూలే. పెడల్‌ను ఖాళీగా వెనక్కి తిప్పే అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయి పడతారు. రెండోది, వాల్వ్. చాలావాటికి ఉండేది మన పాత హీరో, అట్లాస్ సైకిళ్ళకున్న రకమే, లోపల వాల్‌ట్యూబ్ రబ్బరు మాత్రం ఉండదు. కారు రకం, సన్నటి ఫ్రెంచి రకం కూడా తగులుతాయి. ముందు మీదేదో చూసుకుని దానికి సరిపడే ట్యూబు, పంపు అడిగి తీసుకోండి. తోటల మధ్య దారుల్లో పలకరాయి చెక్కలు కత్తుల్లా ఉంటాయి. పంక్చర్లు ఎక్కువగా అక్కడే, అదీ గాలి తగ్గిన టైరుకే. నాలుగు బార్ల దాకా గాలి ఉంచండి.

కుడివైపు నడపాలన్నది తెలిసిన మాటే అయినా, ఆగి మళ్ళీ ఎక్కిన ప్రతిసారీ మన చెయ్యి ఎడమకే లాగుతుంది. ఎడమకు తిరిగేటప్పుడు ఇద్దరిలో వెనకవాళ్ళు గట్టిగా గుర్తుచేయడం మంచిది. తొక్కుతూ ఫోను చేత్తో పట్టుకుంటే జరిమానా 55 యూరోలు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి ట్రియర్ నుంచి కిందికి రావడమే నయం.

జూన్, జూలై పొద్దుట హెలికాప్టర్లు నిటారైన తోటల మీద మందు చల్లుతాయి. అప్పుడు బాట కాసేపు మూసేస్తారు, ఆగమంటే ఆగండి. చలికాలం చివర వరదొస్తే బాట నీళ్ళలో ఉంటుంది, తగ్గాక బురద. మే, జూన్ లేదా సెప్టెంబరు నుంచి అక్టోబరు నడుమ దాకా వెళ్ళడం మంచిది.

తిండి, తాగుడు

వీధి గుమ్మం మీద చీపురో, ఆకుల దండో వేలాడుతుంటే లోపల ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ తెరిచి ఉందని అర్థం. రైతు తన వైన్ మాత్రమే పోస్తూ, ఏడాదికి నాలుగు నెలలకు మించకుండా, నలభై సీట్ల లోపు నడుపుకునే పెరటి హోటల్ అది. మోజెల్ మీద తినడానికి, తాగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ధర తక్కువ, పోసేది చేసినవాళ్ళే. శాకాహారులు ఫ్లామ్‌కూఖెన్ అనే పల్చటి రొట్టెను ‘ఓనె ష్పెక్’ అని అడగాలి, లేకుంటే పంది మాంసం ముక్కలు వేస్తారు. ఉల్లిపాయ కేకులోనూ అదే సంగతి. తాగనివాళ్ళకు ద్రాక్షరసం, ట్రౌబెన్‌జాఫ్ట్, ఎక్కడైనా ఉంటుంది.

ఆదివారం కిరాణా షాపులు తెరవరు. సోమ, మంగళవారాల్లో చాలా హోటళ్ళకు సెలవు. చిన్న ఊళ్ళో రాత్రి బస అయితే ఆ రోజు ఏది తెరిచి ఉంటుందో గది బుక్ చేసేటప్పుడే అడగండి. జేబులో వంద యూరోలు నగదు ఉంచండి. కార్డు తీసుకోని రైతులు ఇంకా ఉన్నారు.

సీసా మీద ‘ట్రోకెన్’ అంటే తీపి లేనిది, ‘ఫైన్‌హెర్బ్’ అంటే కొంచెం తీపి. కాబినెట్ అని రాసి, తీపి మిగిల్చిన రీస్లింగ్‌లో ఆల్కహాల్ 8-9 శాతమే, మధ్యాహ్నానికి అదే సరిపోతుంది. 12 శాతంది 0.2 లీటర్ల గ్లాసు ఒకటి తాగితే 19 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్తుంది. రక్తంలో ఆల్కహాల్ 1.6 ప్రొమిల్ (వెయ్యికి 1.6 వంతులు) దాటి సైకిల్ తొక్కితే క్రిమినల్ కేసు, తూలుతూనో ప్రమాదం చేసో పట్టుబడితే 0.3కే. జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళు గుర్తుంచుకోవాలి: 1.6 దాటితే కారు లైసెన్సుకూ పరీక్ష తప్పదు. అసలు తాగుడు సాయంత్రం, గది చేరాకే.

శరదృతువులో దొరికే ఫెడెర్‌వైసర్ ఇంకా పులుస్తూనే ఉన్న కొత్త వైన్. మూత బిగించరు, గ్యాసు పోవాలి కాబట్టి. సంచిలో పడుకోబెడితే అంతా కారుతుంది, గట్టిగా బిగిస్తే సీసా పగులుతుంది. కొన్నచోటే తాగేయండి, చుట్టూ ముసిరే కందిరీగలతో జాగ్రత్త.

ట్సెల్ నుంచి కోఖెమ్, ఆపై

ట్సెల్ నుంచి కోఖెమ్ 37 కిలోమీటర్లు. బ్రెమ్ దగ్గర కాల్మోంట్ కొండ, యూరప్‌లోనే అత్యంత నిటారైన తోటల్లో ఒకటి. దానికి ఎదురుగా నది గుర్రపు నాడాలా తిరుగుతుంది. బైల్‌ష్టైన్‌కు వంతెన లేదు, ఎల్లెంట్స్ వైపు నుంచి మన గోదావరి పంటు లాంటి దాంట్లో సైకిల్‌తో సహా దాటాలి. నీళ్ళు పెరిగితే పంటు ఆపేస్తారు, పొద్దున్నే కనుక్కోండి. ఊరు చిన్నదే, గంటన్నర చాలు, కానీ సాయంత్రం అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది.

కోఖెమ్ నుంచి కోబ్లెంజ్ 51 కిలోమీటర్లు. ఎక్కువ భాగం లారీల రోడ్డు పక్కనే బాట, ఒడ్డునే రైలు. దీన్ని రైల్లో దాటేసి, మిగిలిన రోజును ఎల్ట్స్ కోటకు ఇవ్వండి. మోజెల్‌కెర్న్ స్టేషన్లో దిగి అడవిలోంచి నడుచుకుంటూ వెళ్ళొచ్చు. శీతాకాలంలో కోట మూసి ఉంటుంది.

ట్రియర్‌లో అద్దెకు తీసుకున్న సైకిల్ తిరిగి ఇవ్వాలంటే కోఖెమ్‌లో రైలెక్కాలి. ఈ రాష్ట్రం లోకల్ రైళ్ళలో పని రోజుల్లో ఉదయం 9 తర్వాత, శని ఆదివారాల్లో రోజంతా సైకిల్‌కు టికెట్ కొనక్కర్లేదు, కానీ ఖాళీ ఉంటేనే చోటు. లక్సెంబర్గ్ పోయేవాళ్ళు ఏ పెట్టె ఎక్కుతున్నారో చూసుకోండి. బండి ట్రియర్‌లో రెండుగా విడిపోతుంది. కోఖెమ్ దాటగానే 4.2 కిలోమీటర్ల సొరంగం వస్తుంది. అది దాటేసరికి ఎల్లర్, ముందురోజు మీరు నది వెంట ఇరవై కిలోమీటర్లకు పైగా తొక్కిన వంపు అంతా అయిపోయి ఉంటుంది.